రెండుసార్లు తిరగబెట్టిన లుకేమియా: కార్-టి ట్రయల్‌లో చేరాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ తమ్ముడికి 24 ఏళ్లు. బి-సెల్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (బి-కణాలనే తెల్ల రక్తకణాల కేన్సర్) మొదటి చికిత్స తరువాత ఒకసారి, రెండో వరుస చికిత్స తరువాత మరోసారి తిరగబెట్టింది. చూస్తున్న డాక్టరుగారు కార్-టి కణ చికిత్సను పరీక్షిస్తున్న ఒక క్లినికల్ ట్రయల్ గురించి చెప్పారు. "మా వాడి మీద ప్రయోగం చేస్తారా? ఎనభై శాతం మందికి నయమవుతుందని చదివాను, అది నిజమేనా? చేరమంటారా, వద్దంటారా?" అని అడిగారు. నేను రక్త కేన్సర్ల విభాగంలో వైద్యుణ్ణి. ఇటువంటి ట్రయల్స్‌కు రోగులను పంపడం, కొన్నింటిలో పరిశోధక బృందంలో పనిచేయడం నా వృత్తిలో భాగం. మీ తమ్ముడి రిపోర్టులు నేను చూడలేదు కనుక ఇక్కడ చెప్పేదంతా మీ డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ఉపయోగపడడానికే తప్ప ఆయన మాటకు బదులుగా కాదు.

చేరడం సమంజసమే. రెండుసార్లు తిరగబెట్టిన ఈ వ్యాధి మామూలు కీమోథెరపీ ఒక్కదానితో పోయి, మళ్లీ రాకుండా ఉండే అవకాశం చాలా తక్కువ. అయితే సంతకం చేసే ముందు మూడు విషయాలు తేల్చుకోండి. కణాలు తయారై వచ్చేవరకు, అంటే కొన్ని వారాలపాటు, వ్యాధిని అదుపులో ఉంచే మార్గం ఉండాలి. చికిత్స గురిపెట్టే సీడీ19 అనే గుర్తు మీ తమ్ముడి లుకేమియా కణాల మీద ఇప్పటికీ ఉండాలి. కణాలు ఎక్కించిన తరువాత కనీసం నెల రోజులు మీరు ఆస్పత్రికి దగ్గరలో ఉండగలగాలి. ఇక ఎనభై శాతం అన్న అంకె అబద్ధం కాదు. కాని అది ఎవరిలో ఎనభై శాతమో తెలుసుకోకుండా దాన్ని మీ తమ్ముడికి అన్వయించుకోకూడదు.

చికిత్స స్వరూపం క్లుప్తంగా చెబుతాను. మన రక్తంలోని టి-కణాలు వైరస్ సోకిన కణాలను, చెడిపోయిన కణాలను గుర్తించి చంపుతాయి, కాని లుకేమియా కణాలు చాలావరకు వాటి కంట పడకుండా తప్పించుకుంటాయి. అందువల్ల రోగి రక్తాన్ని యంత్రం గుండా పంపి టి-కణాలను వేరుచేస్తారు. ఈ ప్రక్రియ పేరు ల్యూకాఫెరెసిస్, ప్లేట్‌లెట్లు దానం చేసేటప్పుడు వాడే యంత్రం వంటిదే ఇక్కడా వాడతారు. ఆ కణాలలోకి, హాని చేయకుండా మార్చిన ఒక వైరస్ సహాయంతో, సీడీ19ను గుర్తుపట్టే కృత్రిమ గ్రాహకం తాలూకు జన్యువును ప్రవేశపెట్టి, ప్రయోగశాలలో వాటి సంఖ్యను పెంచుతారు. ఇలా మార్చినవే కార్-టి కణాలు. తరువాత ఫ్లూడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులతో శరీరంలో ఉన్న లింఫోసైట్లను (టి, బి రకాల తెల్ల రక్తకణాలను) కొంత తగ్గించి, మార్చిన కణాలను సెలైన్ ఎక్కించినట్లే ఎక్కిస్తారు. ఆపరేషన్ ఏమీ ఉండదు. కణాలు ఎక్కించడానికి పట్టేది కొద్ది నిమిషాలే. కష్టమంతా దానికి ముందు వారాలలో, తరువాతి వారాలలో ఉంటుంది.

ఇప్పుడు ఆ ఎనభై శాతం సంగతి. కార్-టి చికిత్సలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి మొదట పొందినది టిసాజెన్‌లెక్లూసెల్. దాని వ్యాపార నామం కిమ్రియా, అనుమతి వచ్చిన తేదీ 2017 ఆగస్టు 30. ఆ అనుమతికి ఆధారమైన ఎలియానా అనే ట్రయల్ 11 దేశాల్లోని 25 కేంద్రాలలో, మీ తమ్ముడి వంటి వ్యాధే ఉన్న పిల్లలలోను యువకులలోను జరిగింది. అందులో 81 శాతం మందికి మూడు నెలలలోపు వ్యాధి పూర్తిగా అణిగింది. మీరు చదివినది బహుశా దీని గురించే. కాని ఆ 81 శాతం కణాలు ఎక్కించుకున్న 75 మందిలో లెక్క. ట్రయల్‌లో నమోదైనవారు 92 మంది. మధ్యలో తప్పిపోయిన 17 మందిలో ఏడుగురి విషయంలో కణాల తయారీలో ఇబ్బంది ఎదురైంది, ఏడుగురు కణాలు ఎక్కించేలోపే మరణించారు, ముగ్గురు ఇతర ఆరోగ్య సమస్యల వల్ల ఆగిపోయారు. నమోదైనవారందరినీ లెక్కలోకి తీసుకుంటే ఆ 81 శాతం కాస్తా సుమారు 66 శాతం అవుతుంది. అది కూడా చిన్న ఫలితమేమీ కాదు. అంతకుముందు ఈ దశలో మా దగ్గర ఉన్న మార్గాలు చాలా తక్కువ. అయినా మీరు ఈ రోజు నిలబడి ఉన్నది 75 మందిలో కాదు, 92 మందిలో.

రెండో సంగతి, వ్యాధి అణగడమూ నయం కావడమూ ఒకటి కాదు. అదే ట్రయల్‌లో ఏడాది గడిచేసరికి వ్యాధి తిరగబెట్టకుండా, మరే విఘాతమూ లేకుండా ఉన్నవారు దాదాపు 50 శాతం. ఏడాదికి జీవించి ఉన్నవారు 76 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారిలో చాలామంది తిరగబెట్టిన తరువాత మరో చికిత్స తీసుకుంటున్నవారు. కనుక ట్రయల్ బృందాన్ని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత శాతం?" అన్నది కాదు. "మీ దగ్గర ఎంతమంది నుంచి కణాలు సేకరించారు, వారిలో ఎంతమందికి ఎక్కించగలిగారు, ఏడాది తరువాత ఎంతమంది ఏ ఇతర చికిత్సా లేకుండా బాగున్నారు?" ఈ మూడు అంకెలు చెప్పడానికి ఇష్టపడని కేంద్రం విషయంలో నేనైతే వెనకడుగు వేస్తాను.

పరీక్ష ఏ దశలో ఉందో కూడా తెలుసుకోవాలి. మొదటి దశ ట్రయల్ ముఖ్య ఉద్దేశం మీ తమ్ముడికి నయం చేయడం కాదు; ఎన్ని కణాలు ఎక్కిస్తే శరీరం తట్టుకుంటుందో కనిపెట్టడం. సాధారణంగా ముగ్గురేసి రోగులకు ఒక మోతాదు ఇచ్చి, వారి పరిస్థితి గమనించి, ప్రమాదం లేదనుకుంటే తరువాతి ముగ్గురికి మోతాదు పెంచుతారు. అటువంటి ట్రయల్‌లో మొదటి ముగ్గురిలో ఉండడానికీ తొమ్మిదో మనిషిగా ఉండడానికీ తేడా ఉంది, అందుకని మీ వంతు ఎక్కడ వస్తుందో నిస్సంకోచంగా అడగండి. రెండో దశలో మోతాదు స్థిరపడి ఉంటుంది, ఎంతమందిలో పనిచేస్తున్నదో చూస్తారు. మూడో దశలో ఇప్పటి ప్రామాణిక చికిత్సతో పోలుస్తారు, ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్లు నిర్ణయమవుతుంది. లొంగని లుకేమియాలో కార్-టి మీద మూడో దశ పోలిక ట్రయల్స్ అరుదు. పోల్చడానికి తగిన ప్రామాణిక చికిత్స లేకపోవడం ఒక కారణం. అందువల్ల చాలా అనుమతులు పోలిక లేని చిన్న ట్రయల్స్ మీదనే ఆధారపడ్డాయి. ఇది ఈ రంగంలో ఒక బలహీనత, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

పోలిక చేసినప్పుడు ఏమవుతుందో లింఫోమాలో, అంటే లింఫు గ్రంథుల కేన్సర్‌లో, చూశాం. మొదటి చికిత్సకు లొంగని, లేదా ఏడాదిలోపే తిరగబెట్టిన పెద్ద బి-కణాల లింఫోమాలో కార్-టి కణాలను పాత పద్ధతితో, అంటే కీమోథెరపీ, దానికి లొంగినవారికి సొంత మూలకణాల మార్పిడితో పోల్చిన పెద్ద ట్రయల్స్ ఒకే కాలంలో జరిగాయి. జూమా-7 ట్రయల్‌లో 359 మంది పాల్గొన్నారు. యాక్సి-సెల్ అనే కార్-టి చికిత్స తీసుకున్న వర్గంలో రెండేళ్లకు వ్యాధి ముదరకుండా, మరో చికిత్స అవసరపడకుండా ఉన్నవారు 41 శాతం, పాత పద్ధతిలో 16 శాతం. బెలిండా ట్రయల్‌లో కిమ్రియాను పరీక్షించారు. అక్కడ రెండు వర్గాల మధ్య తేడాయే కనబడలేదు. మందులు వేరు, రోగుల ఎంపిక కొంత వేరు కావచ్చు. కాని ఆ వివరాలు చదివిన వైద్యులలో చాలామంది దృష్టి ఒక అంకె మీద నిలిచింది: బెలిండాలో కణాలు సేకరించిన నాటి నుంచి ఎక్కించే నాటికి మధ్యస్థంగా 52 రోజులు పట్టింది, ఆరో వారానికే, కణాలు ఇంకా ఎక్కించకముందే, ఆ వర్గంలో నాలుగో వంతు మందికి వ్యాధి ముదిరిపోయింది. ఒకే రకం ఆలోచన మీద ఆధారపడిన రెండు చికిత్సలలో ఒకటి గెలిచి మరొకటి ఓడడంలో కాలయాపన పాత్ర పెద్దదని నా అభిప్రాయం.

నా రోగుల విషయంలోనూ ఎక్కువగా దెబ్బతీసినది ఈ వేచి ఉండే కాలమే. కోస్తా జిల్లా నుంచి వచ్చిన నడివయసు వ్యక్తి ఒకరు లింఫోమాతో ట్రయల్‌లో చేరారు. కణాల సేకరణ చక్కగా జరిగింది, తయారీ కూడా విజయవంతమైంది, కాని ఆ కణాలు వచ్చేనాటికి ఆయన కిడ్నీలు దెబ్బతిని, ఎక్కించే అర్హతే పోయింది. మరొకరి విషయంలో ఇబ్బంది సేకరణలోనే వచ్చింది. ఆయనకు అంతకు కొద్ది నెలల ముందు బెండమస్టిన్ అనే మందు ఇచ్చారు. అది టి-కణాలను బాగా బలహీనపరుస్తుంది. సేకరించినవి సంఖ్యకు సరిపోయినా, మొలకెత్తే శక్తి లేని విత్తనాల్లాగా ప్రయోగశాలలో పెరగలేదు. లుకేమియాలో కూడా సేకరణకు ముందు ఎడాపెడా కీమో ఇస్తే ఇదే జరుగుతుంది. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడుతుంటే సేకరణకు కొన్ని రోజుల ముందే ఆపవలసి ఉంటుంది.

అందువల్ల నేను గట్టిగా చెప్పేది ఇది: ట్రయల్‌కు పంపే ఆలోచన ఉంటే, తదుపరి కీమో మొదలుపెట్టకముందే ఆ కేంద్రానికి ఫోన్ చేయించండి. "ఈ కోర్సు అయిపోయాక చూద్దాం" అన్న మాట మామూలు చికిత్సలో సరైనదే కావచ్చు, ఇక్కడ మాత్రం అది ఒక్కోసారి తలుపు మూసేస్తుంది. సేకరణ అయిపోయిన తరువాత, కణాలు వచ్చేవరకు వ్యాధిని అణచి ఉంచడానికి ఇచ్చే చికిత్సను బ్రిడ్జింగ్ అంటారు. దాన్ని మీ ఊరికి దగ్గరలోని డాక్టరుగారే ఇవ్వవచ్చు, కాని ఏ మందు, ఎంత మోతాదు అన్నది ట్రయల్ బృందంతో మాట్లాడుకునే ఇవ్వాలి. బ్రిడ్జింగ్ లక్ష్యం వ్యాధిని నిర్మూలించడం కాదు. ఇన్ఫెక్షన్లు తెచ్చిపెట్టకుండా ఎముక మూలుగలో లుకేమియా భారాన్ని తగ్గించడం.

ఆ భారం తగ్గించడం వల్ల మరో మేలు కూడా ఉంది, అది దుష్ఫలితాలకు సంబంధించినది. కార్-టి కణాలు లుకేమియా కణాలను ఒక్కసారిగా చంపడం మొదలుపెట్టినప్పుడు రక్తంలోకి సైటోకైన్లు అనే రసాయనాలు పెద్ద మొత్తంలో విడుదలై తీవ్ర జ్వరం, రక్తపోటు పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం కలుగుతాయి. దీని పేరు సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్. ఎలియానాలో 77 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఇది వచ్చింది. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల బాలికకు ఈ చికిత్స ఇచ్చినప్పుడు, ఆమె వెంటిలేటర్ మీదకు వెళ్లి, బతకదనుకున్న స్థితిలో, రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ విపరీతంగా పెరిగి ఉన్నదని తేలింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధనకు నాయకత్వం వహించిన డాక్టర్ కార్ల్ జూన్‌కు, తన కుమార్తె కీళ్లవాతం కారణంగా, ఆ రసాయనాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు గురించి తెలుసు. అది ఇచ్చాక ఆ పాప కోలుకుంది. ఆ రోజు ఆ మందు అందుబాటులో లేకపోతే ఈ రంగమే ఆగిపోయేదేమో. 2017లో కిమ్రియాకు అనుమతి ఇచ్చిన రోజే టోసిలిజుమాబ్‌కు కూడా ఈ అవసరానికి అనుమతి ఇచ్చారు. మీరు చేరే కేంద్రంలో ఈ మందు రాత్రి రెండు గంటలకు కూడా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంటుందా, ఐసీయూ పడక కేటాయించి ఉంటుందా అని అడగడం మీ హక్కు.

లుకేమియా భారాన్ని బట్టి మోతాదు విడగొట్టడం అన్నది కూడా ట్రయల్స్ ద్వారానే తేలింది. పెద్దవారిలో ఇదే లుకేమియా మీద జరిగిన ఫెలిక్స్ ట్రయల్‌లో మూలుగలో లుకేమియా కణాలు 20 శాతానికి మించి ఉంటే మొదటి రోజు మోతాదు చాలా తక్కువగా, మిగిలినది సుమారు పది రోజుల తరువాత ఎక్కించారు. తీవ్ర స్థాయి సైటోకైన్ సిండ్రోమ్ 2.4 శాతం మందికే వచ్చింది. ఓబె-సెల్ అనే ఆ చికిత్సకు 2024 నవంబరులో అమెరికాలో అనుమతి లభించింది. అక్కడా నమోదైనవారు 153, ఎక్కించుకున్నవారు 127 అన్నది గమనించండి. ఈ రంగంలో ఏ ట్రయల్ చూసినా ఈ తరుగుదల కనబడుతుంది.

రెండో ప్రమాదం నరాలకు సంబంధించినది: తికమక, మాట తడబడడం, చేతిరాత మారిపోవడం, అరుదుగా మూర్ఛ. అందుకే వార్డులో రోజూ ఒకే వాక్యాన్ని రాయిస్తాం, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటాం. మీ తమ్ముడు తెలుగులో రాయడానికే అలవాటుపడితే తెలుగులోనే రాయించమని నర్సుకు చెప్పండి. అలవాటు లేని భాషలో రాయిస్తే తప్పులు జబ్బు వల్లనో భాష వల్లనో తెలియదు.

నెల రోజుల బస విషయంలో కొన్ని కుటుంబాలు నాతో వాదిస్తాయి. అమెరికాలో 2025 జూన్‌లో ఆస్పత్రి దగ్గర ఉండవలసిన కాలాన్ని నాలుగు వారాల నుంచి రెండు వారాలకు తగ్గించిన మాట నిజమే. కాని అక్కడి రోగికి జ్వరం వస్తే చేరే అత్యవసర విభాగానికీ, మన మండల కేంద్రంలో రాత్రిపూట దొరికే సౌకర్యానికీ మధ్య ఉన్న దూరం నాకు తెలుసు. బయట ఉన్న డాక్టరుకు కార్-టి సంగతి తెలియక, జ్వరానికి యాంటీబయాటిక్ రాసి పంపేస్తే విలువైన గంటలు పోతాయి. నెల రోజులు ఉండండి. ఆస్పత్రి ఇచ్చే కార్డును మీ తమ్ముడి జేబులో ఎప్పుడూ ఉంచండి. మన దేశంలో అదనంగా చూసుకోవలసినవి పాత క్షయ, హెపటైటిస్-బి, ఫంగస్ ఇన్ఫెక్షన్లు. వీటికి పరీక్షలు ముందే చేయించాలి. హెపటైటిస్-బి ఒంట్లో నిద్రాణంగా ఉన్నా మందు మొదలుపెట్టాలి. సీడీ19 ఆరోగ్యకరమైన బి-కణాల మీద కూడా ఉంటుంది కనుక కార్-టి కణాలు వాటినీ తుడిచిపెడతాయి. ఫలితంగా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, ప్రతిరక్షకాలు అందించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు అవసరపడవచ్చు. వాటి ఖర్చు గురించి చాలామంది ముందుగా ఆలోచించరు.

ఖర్చు మాట వచ్చింది కనుక భారతదేశపు పరిస్థితి చెబుతాను. కిమ్రియా మొదట అమెరికాలో 4,75,000 డాలర్ల ధరతో వచ్చింది. మన దగ్గర ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి అభివృద్ధి చేసి, ఇమ్యునోయాక్ట్ సంస్థ తయారుచేస్తున్న నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది; 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని ప్రారంభించారు. అప్పుడు దాని ధర దాదాపు 40 లక్షల రూపాయలు. దాని మీద జరిగిన ఒకటో, రెండో దశ ట్రయల్స్‌లో లింఫోమా, లుకేమియా రోగులు కలిపి 64 మంది పాల్గొన్నారు. ఫలితం అంచనా వేయగలిగినవారిలో 73 శాతం మంది చికిత్సకు స్పందించారు. బెంగళూరుకు చెందిన ఇమ్యునీల్ సంస్థ బార్సిలోనా ఆస్పత్రిలో పుట్టిన మరో సీడీ19 కార్-టి చికిత్సను మన దేశంలో పరీక్షించి, 2025 జనవరిలో మార్కెట్లోకి తెచ్చింది.

దీనివల్ల మీ ముందు ఒక ప్రశ్న ఉంది: అనుమతి పొందిన చికిత్స డబ్బు పెట్టి తీసుకోవడమా, ట్రయల్‌లో చేరడమా? డబ్బు, బీమా, లేదా విరాళాల దన్ను ఉంటే, కణాలు త్వరగా వచ్చే అవకాశం కూడా ఉంటే, నేను అనుమతి పొందినదానివైపే మొగ్గుతాను. ముఖ్యంగా మీకు చెప్పిన ట్రయల్ మొదటి దశలో ఉంటే. డబ్బు లేక ఆలస్యమయ్యే పరిస్థితి ఉంటే, రెండో దశ ట్రయల్ దానికన్నా మేలు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు సమకూర్చుకునేలోపు వ్యాధి రెండింతలైన కుటుంబాలను చూశాను. విరాళాలు సేకరించాలనుకుంటే మందు ధర ఒక్కటే కాకుండా ఐసీయూ, ఇమ్యునోగ్లోబులిన్, బస, తరువాత అవసరపడవచ్చిన మూలుగ మార్పిడి కూడా కలిపి అంచనా వేయించుకోండి.

ట్రయల్‌లో పరీక్షిస్తున్న కణాలకు మీరు డబ్బు చెల్లించవలసిన అవసరం ఉండకూడదు. ఇతర పరీక్షలు, ఐసీయూ ఖర్చు ఎవరిదో సమ్మతి పత్రంలో రాసి ఉండాలి. 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు ఉంది. కేవలం వ్యాధి ముదరడం వల్ల జరిగిన నష్టానికి సాధారణంగా పరిహారం రాదు, ఇది ముందే తెలుసుకోవడం మంచిది. సమ్మతి పత్రం తెలుగు ప్రతి అడగండి, ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి చదవండి. ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీకు ఉంటుంది. అయితే ఒకసారి ఎక్కించిన కణాలను వెనక్కి తీయడం సాధ్యం కాదు కనుక, ఆ హక్కుకు అసలైన విలువ ఎక్కించే రోజుకు ముందే.

ట్రయల్ నిజమైనదో కాదో చూసుకోండి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్‌ను సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరు అడిగి, వెబ్‌సైట్‌లో మీరే వెతకండి: ఏ దశ, ఏ వయసు, ఏ కేంద్రాలు, ఇంకా రోగులను తీసుకుంటున్నారా అన్నవి అక్కడ ఉంటాయి. "రోగనిరోధక కణ చికిత్స" పేరుతో డెండ్రిటిక్ కణాలు, ఎన్‌కే కణాలు అంటూ లక్షలు వసూలు చేసే చోట్లు కూడా ఉన్నాయి. రిజిస్ట్రీ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపలేని చోట రక్తం కూడా ఇవ్వవద్దు. నా దగ్గరకు అటువంటి చోట డబ్బు, సమయం రెండూ పోగొట్టుకుని వచ్చినవారు ఉన్నారు. డబ్బుకన్నా సమయం పోవడమే వారిని ఎక్కువగా దెబ్బతీసింది.

వ్యాధి అణిగిన తరువాత ఏమిటన్నది ముందే మాట్లాడుకోవలసిన విషయం. లుకేమియా తిరగబెట్టడానికి రెండు దారులు ఉన్నాయి. ఎక్కించిన కార్-టి కణాలు త్వరగా మాయమైతే సీడీ19 ఉన్న లుకేమియా మళ్లీ తలెత్తుతుంది. కణాలు నిలిచి ఉన్నా, లుకేమియా సీడీ19ను వదిలేసి వాటికి కనబడకుండా పెరగవచ్చు. మీ తమ్ముడికి ఇదివరకు బ్లినటుమోమాబ్ అనే మందు ఇచ్చి ఉంటే అది కూడా సీడీ19నే గురిపెడుతుంది కనుక, తాజా మూలుగ నమూనా మీద, కణాల మీది గుర్తులను చూపే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష మళ్లీ చేయించకుండా ట్రయల్‌కు వెళ్లవద్దు. పాత రిపోర్టు పనికిరాదు. సీడీ22 అనే మరో గుర్తును, లేదా రెండు గుర్తులనూ ఒకేసారి గురిపెట్టే కణాలను పరీక్షిస్తున్నది ఈ సమస్య వల్లనే. వ్యాధి అణిగినవారిలో కొందరిని మేము వెంటనే దాత మూలుగ మార్పిడికి పంపుతాం, కొందరిని పరీక్షలతో గమనిస్తూ ఆగుతాం. ఇంతవరకు మార్పిడి చేయించుకోని, ఆరోగ్యం సహకరించే 24 ఏళ్ల యువకుడైతే నేను మార్పిడివైపే మొగ్గుతాను, కాని ఈ విషయంలో అనుభవజ్ఞులైన వైద్యుల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములందరికీ, దాతగా సరిపోతారా అని చూసే హెచ్ఎల్ఏ పరీక్ష ఇప్పుడే చేయించి పెట్టండి.

దీర్ఘకాలపు జాగ్రత్త ఒకటి. కార్-టి చికిత్స పొందిన కొందరిలో తరువాత టి-కణాల కేన్సర్లు రావడం గమనించి, 2024 జనవరిలో ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి మీద హెచ్చరిక పెట్టమని ఆదేశించింది. ఇది చాలా అరుదు. చేతిలో ఉన్న ప్రాణాంతక వ్యాధితో పోలిస్తే నిర్ణయాన్ని మార్చేటంతటిది కాదు. అయినా జన్యువులు మార్చిన కణాల విషయంలో 15 ఏళ్ల పర్యవేక్షణ అవసరమని చెప్పేది ఇందుకే. ఏటా ఒక్కసారైనా వెళ్లి చూపించుకోండి. ఇంకొక మాట, దీన్ని చాలా ఇళ్లలో అడగడానికి మొహమాటపడతారు: మీ తమ్ముడికి పెళ్లి కాలేదనుకుంటాను, తదుపరి మందులకు ముందు వీర్యం భద్రపరచుకునే అవకాశం గురించి డాక్టరుగారిని అతడే ఒంటరిగా అడిగేలా చూడండి.

ఈ సమాధానం చదివే ఇతరుల కోసం రెండు మాటలు. మల్టిపుల్ మైలోమా అనే మూలుగ కేన్సర్‌లో బీసీఎంఏ అనే వేరే గుర్తును గురిపెట్టే చికిత్సలు 2021, 2022లలో అమెరికాలో అనుమతి పొందాయి. కాని అక్కడ పూర్తి నయం కన్నా మందులు లేని కొన్ని మంచి ఏళ్లు అన్న దృష్టితోనే చూడాలి. టి-కణాల లుకేమియాలో సమస్య వేరు, గురిపెట్టే గుర్తు టి-కణాలన్నిటి మీద ఉండడం వల్ల మార్చిన కణాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 2022లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రిలో దాత కణాల జన్యువులలో అక్షరాలను సరిదిద్ది ఒక బాలికకు ఇచ్చి ఈ సమస్యను దాటారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో గురిపెట్టదగిన గుర్తులు ఆరోగ్యకరమైన మూలకణాల మీద కూడా ఉండడం వల్ల ఇంకా మొదటి దశ ట్రయల్స్‌లోనే తడుముకుంటున్నాం. అక్కడ ఎవరైనా నయమవుతుందని హామీ ఇస్తే నమ్మవద్దు.

మీ విషయానికి వస్తే, ట్రయల్ కేంద్రానికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఇవి తీసుకెళ్లండి: మొదటి నిర్ధారణ నాటి రిపోర్టులు, ఇంతవరకు ఇచ్చిన మందుల పేర్లు, తేదీలు, ఆఖరి కీమో, స్టెరాయిడ్ ఇచ్చిన తేదీ, నెల రోజులలోపు చేసిన మూలుగ పరీక్ష, ఫ్లో సైటోమెట్రీ రిపోర్టు, వెన్ను నీటి పరీక్ష, హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలు, గుండె ఎకో. వీలైతే మూలుగ స్లైడ్లు, బ్లాకులు కూడా పాత ఆస్పత్రి నుంచి తీసుకోండి. వాటి కోసం మళ్లీ వెనక్కి తిరిగితే వారం పోతుంది. ఏ దశ ట్రయల్, సీటీఆర్ఐ నంబరు ఎంత అన్నది తెలిసిన తరువాత ఇక్కడే రాయండి, ఆ వివరాలను బట్టి ఇంకా ఏమి అడగాలో చెబుతాను.